రక్తంలో కనిపించనిది

ఆ కాయితం పైకి చదివింది శ్రీదుర్గే. చదివేశాక గాని తనేం చదివిందో ఆమెకి తెలిసిరాలేదు.

వంటింటి గుమ్మంలో సుధామణి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక పెనం మీద అట్టు మాడుతోంది. ఆ వాసన హాలంతా నిండినా ఎవరూ కదల్లేదు.

పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పైకి అనలేదు. పడగ్గది తలుపు వేసుకున్నాక కూడా మొగుడూ పెళ్లాం 'అది' అనే చెప్పుకునేవాళ్లు. అలాంటిది ఇవాళ పొద్దున్న ఎనిమిదింటికి, టిఫిన్ పళ్లేల ముందు, ఆడపడుచు నోటి వెంట హెచ్ఐవి అన్న మాట వచ్చేసింది. కూతురు చిన్ని గుడివాడ హాస్టల్లో ఉండబట్టి సరిపోయింది.

శ్రీదుర్గ మైలవరంలో హైస్కూలు టీచరు. పిల్లలకి సైన్సు చెబుతుంది. అన్నకి కిడ్నీ ఇస్తానని తనంతట తనే ముందుకొచ్చి, నిన్న సాయంత్రం హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగింది. ఇవాళ విజయవాడలో మ్యాచింగ్ పరీక్షలు. తన బ్లడ్ గ్రూపు కాయితం కూడా ఇందులోనే పెట్టారేమోనని అన్న ఫైలు తిరగేసింది. తనది దొరకలేదు. ఇది దొరికింది.

"మళ్లీ చదువు," అంది పెద్దింట్లమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఒక చెవి సరిగ్గా వినపడదు. కొడుకు పక్క కుర్చీలో కూర్చుని ఉంది.

"అక్కర్లేదమ్మా," అన్నాడు సూర్యప్రకాష్.

"నిన్ను కాదురా. నువ్వు చదవ్వే."

శ్రీదుర్గ ఈసారి తెలుగులో చెప్పింది. "రెండు నెలల కిందట అన్నయ్య కిడ్నీలోంచి చిన్న ముక్క తీశారు కదమ్మా. దాన్ని వేరే ఊళ్లో లాబ్‌కి పంపారట. కిడ్నీ కణాల్లో హెచ్ఐవి వైరస్ జన్యుపదార్థం ఉందని రాశారు."

"అంటే? ఆ ఎయిడ్స్ జబ్బేనా?"

బయట హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

పెద్దింట్లమ్మ కొడుకు వంక చూడలేదు. మెడ తిప్పి తిన్నగా కోడలి వంక చూసింది.

"ఎక్కణ్ణించి తెచ్చావే ఇది నా ఇంటికి?"

సుధామణి మొగుడి వంక చూసింది. సూర్యప్రకాష్ పళ్లెంలో చట్నీని వేలితో అటూ ఇటూ జరుపుతున్నాడు. ఉబ్బిన కనురెప్పలు పైకి లేవలేదు. ఒక్క మాట అంటే చాలు. ఆమె ఎదురుచూసింది.

"అడిగేది నిన్నే! నోట్లో ఏముంది?" అత్తగారి గొంతు లేచింది.

"సుధకి లేదమ్మా," అన్నాడతను చివరికి, పళ్లేనికి చెబుతున్నట్టు. "నాకే. పన్నెండేళ్లయింది."

పెద్దింట్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. కోడల్ని అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

శ్రీదుర్గ కాయితాన్ని బల్ల మీద పెట్టింది. "నాకెప్పుడు చెబుదామనుకున్నావన్నయ్యా? నా కిడ్నీ తీసి నీకు పెట్టాకా?"

"చెబుదామనే..."

"జబ్బుందని కాదు నా బాధ. కలిసి తింటే అంటదు, చెయ్యి పట్టుకుంటే అంటదు అని ఏటా పిల్లలకి చెప్పేదాన్ని నేనే. నాక్కూడా దాచావు చూడు, అదీ." ఆమె వదిన వైపు తిరిగింది. "నీకూ తెలుసు కదా వదినా. పోయిన వారం గంటసేపు ఫోన్లో మాట్లాడావు. నీ రుణం తీర్చుకోలేను శ్రీదుర్గా అని ఏడ్చావు. అప్పుడైనా ఒక్క మాట చెప్పచ్చుగా?"

"తప్పే," అంది సుధామణి.

"విజయవాడ వెళ్దాం. పరీక్షలకి కాదు. ముందు ఆ డాక్టర్ని నాలుగు మాటలు అడగాలి."

సుధామణి వెళ్లి పొయ్యి ఆర్పింది. అట్టు బొగ్గయింది.

ఆమెని కుదిపేస్తున్నది ఆడపడుచు కోపం కాదు. అత్తగారి మాట కూడా కాదు. ఆ కాయితంలో రాసిన సంగతి. దాన్ని ఆమె కూడా ఇప్పుడే విన్నది. కవరు వచ్చి నాలుగు రోజులైందని దాని మీద తేదీ చెబుతోంది.

గదిలో సూర్యప్రకాష్ చొక్కా మార్చుకుంటున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"మందులు ఆపారా?"

"లేదు."

"మరి రక్తంలో లేనిది కిడ్నీలో ఎలా దొరికింది?"

"నాకేం తెలుసు సుధా? నేనేమన్నా డాక్టర్నా?"

"నాలుగు రోజులు కవరు దాచారు. ఏమీ తెలియని మనిషి దాస్తాడా?"

"నువ్విలా అడుగుతావనే దాచాను."

అతను గుండీలు పెట్టుకోవడం ఆపి మంచం మీద కూర్చున్నాడు. ఈ మధ్య పది అడుగులు వేస్తే ఆయాసం వస్తోంది.

జబ్బు బయటపడ్డ కొత్తల్లో, ఇదెలా వచ్చిందని ఆమె ఒక్కసారే అడిగింది. చేపల లోడుతో హౌరా దాకా లారీల వెంట తిరిగిన రోజులవి, అన్నాడు. మళ్లీ అడగలేదు. ఈ జబ్బుకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో కౌన్సెలరు అమలమ్మ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, "రోజూ బిళ్ళ వేసుకుంటూ రక్తంలో వైరస్ కనిపించకుండా ఉన్నన్నాళ్లూ మీ ఆయన్నుంచి నీకు రాదమ్మా" అని చెప్పింది. కాపురమంతా ఆ ఒక్క మాట మీద నిలబెట్టుకొచ్చింది సుధామణి.

ఆమె బీరువా తెరిచి, చీరల అడుగునుంచి డబ్బా తీసి బిళ్ళలు దుప్పటి మీద గుమ్మరించింది. ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తెచ్చిన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఎన్ని వేసుకోవాలో అన్నీ వేసుకున్నాడు.

"సరిపోయిందా? తనిఖీ అయిందా?"

"ఈ నెల సరిపోయింది."

అతని మొహం మాడిపోయింది. ఆమె డబ్బా మూత బిగించి అతని ముందుకొచ్చి నిలబడింది.

"నా మీద ఒట్టేసి చెప్పండి."

అతను లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "ఒట్టు. ఒక్క రోజు కూడా ఆపలేదు."

బాడుగ కారులో డ్రైవరు ఉన్నాడు కాబట్టి దారంతా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. శ్రీదుర్గ ముందు సీట్లో కూర్చుంది. గన్నవరం దాటాక వెనక్కి తిరక్కుండానే నీళ్ల సీసా అందించింది. సుధామణి తాగి మొగుడి చేతికిచ్చింది.

"రెండు గుక్కలే అన్నయ్యా," అంది శ్రీదుర్గ రోడ్డు వంకే చూస్తూ. "నీళ్లు ఎక్కువ తాగకూడదన్నారుగా."

అతను రెండు గుక్కలే తాగాడు.

డాక్టర్ లక్ష్మీకాంత్ ముగ్గురి మొహాలూ చూడగానే, "చెల్లెలికి చెప్పారా?" అని సూర్యప్రకాష్‌ని అడిగాడు.

"నేనే చదువుకున్నానండీ," అంది శ్రీదుర్గ.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇచ్చే మనిషికి తెలియకుండా ముందుకెళ్లనని మొదటిరోజే అన్నానమ్మా. వారే చెబుతానన్నారు. ఆయన అనుమతి లేకుండా ఆయన జబ్బు సంగతి నేను చెప్పకూడదు. మీ కోపం న్యాయమే."

సుధామణి ఆగలేకపోయింది. "రక్తంలో లేదన్నారు కదండీ. కిడ్నీలో ఎలా ఉందండీ?"

"రక్త పరీక్ష చూసేది రక్తంలో తిరిగే వైరస్‌ని. మందులు దాన్ని అణిచి ఉంచుతాయి. కానీ ఇది ఒక కణంలోకి దూరిందంటే తన జన్యుపదార్థాన్ని ఆ కణం జన్యువుల్లోనే కలిపేస్తుంది. అక్కణ్ణించి దాన్ని చెరిపే మందు లేదు. కిడ్నీ కణాల్లో అలా ఉండిపోవచ్చు. అందుకే రక్తంలో ఏమీ లేకపోయినా ముక్కలో దొరికింది."

"అంటే మళ్లీ లేచిందని కాదా?"

"ఈ పరీక్ష ఆ మాట చెప్పదమ్మా. ఉందని మాత్రం చెబుతుంది. ఎప్పుడు చేరిందో చెప్పదు. పన్నెండేళ్ల కిందట, మందులు మొదలుపెట్టకముందే చేరి ఉండచ్చు. మధ్యలో మందులు ఆగితే అప్పుడు చేరి ఉండచ్చు." ఆయన అతని వైపు తిరిగాడు. "సూర్యప్రకాష్ గారూ, మధ్యలో ఎప్పుడైనా ఆపారా? తిట్టడానికి అడగట్లేదు. నాకు తెలియాలి."

"లేదండీ."

"వారం, పది రోజులు కూడా?"

"లేదండీ. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

డాక్టర్ ఆమె వంక చూశాడు. పొద్దున్న తల మీద పెట్టిన చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది సుధామణికి.

"లేదండీ. ఒక్క రోజు కూడా తప్పలేదు," అంది.

ఆయన ఫైల్లో ఏదో రాసుకున్నాడు.

శ్రీదుర్గ ముందుకు జరిగింది. "నేనిచ్చే కిడ్నీలోకీ వెళ్తుందా డాక్టర్ గారూ?"

"వెళ్లచ్చు. రక్తంలో కనిపించకపోయినా పెట్టిన కిడ్నీలో వైరస్ దొరికినవాళ్లున్నారు. అందరికీ అలా కాదు. దొరికినా బాగానే పనిచేసినవీ ఉన్నాయి. హామీ మాత్రం ఇవ్వలేను. మీ ఒంటికి దీనివల్ల వచ్చే ప్రమాదం లేదు. కిడ్నీ ఇచ్చేవాళ్లందరికీ ఉండే రిస్కే మీకూను."

"ఇవ్వకపోతే?"

"క్రియాటినిన్ అయిదు దాటింది. రెండు మూడు నెలల్లో డయాలిసిస్ మొదలెట్టాల్సి రావచ్చు." ఆయన ఫైలు మూశాడు. "ఒక్క మాట. కొత్త కిడ్నీ పెట్టాక బతికినన్నాళ్లూ ఇంకా బోలెడు మందులు వాడాలి. మందులు సక్రమంగా వాడే మనిషి కాబట్టే నేను దీనికి ఒప్పుకున్నాను. ఆ నమ్మకం లేని పేషంటైతే మార్పిడికి అనుమతిచ్చే కమిటీ ముందుకి తీసుకెళ్లను."

బయటికొస్తుంటే సుధామణి గుమ్మం దగ్గర వెనకబడింది. గొంతు తగ్గించి, "నాకు పరీక్ష చేయించుకుని ఆరేళ్లయిందండీ," అంది.

"ఏటా చేయించుకోమంటారు కదమ్మా?"

"ధైర్యం వచ్చేసిందండీ. మానేశాను."

ఆయన చిన్న చీటీ రాసిచ్చాడు. "కింద లాబ్‌లో ఇవ్వండి. గంటలో చెబుతారు."

ఆ గంట ఆమె మెట్ల పక్కన నిలబడే ఉంది. కూర్చోడానికి కుర్చీలున్నాయి. కూర్చోలేకపోయింది. పక్కన ఎవరో పెద్దావిడ మనవడికి ఇడ్లీ తినిపిస్తోంది. చిన్నికి ఫోన్ చేద్దామనుకుని నంబరు దాకా వెళ్లి ఆగింది. ఏమని మాట్లాడాలి? అన్నం తిన్నావా అని అడిగినా గొంతు పట్టించేస్తుంది.

కిటికీ దగ్గర పేరు పిలిచారు. లాబ్ అమ్మాయి పక్కగదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి చెప్పింది. నెగెటివ్.

సుధామణి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. బయటికొచ్చి కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. దుప్పటి మీద గుమ్మరించిన బిళ్ళలు, 'ఈ నెల సరిపోయింది' అన్నప్పుడు మాడిపోయిన అతని మొహం కళ్లముందుకొచ్చాయి. జబ్బు మనిషిని పట్టుకుని దొంగని అడిగినట్టు అడిగింది.

సూర్యప్రకాష్ పై అంతస్తులో వరండా చివర బెంచీ మీద ఒక్కడే ఉన్నాడు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక పక్కన విడిచేశాడు. ఆమె వెళ్లి ఆనుకుని కూర్చుంది.

"నాకు లేదండీ. ఇప్పుడే చెప్పారు."

అతను ఆమె వంక చూశాడు.

"పొద్దున్న అలా అడగకుండా ఉండాల్సింది. మనసులో పెట్టుకోకండి," అంది.

అతను రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. తండ్రి పోలరాజు పోయిననాడు కూడా అతను అలా ఏడవలేదు. సంతోషం పట్టలేక అనుకుంది సుధామణి. వీపు మీద చెయ్యి వేసింది. "ఊరుకోండి. ఎవరైనా చూస్తారు."

"ఆపాను సుధా."

"ఏంటి?"

"మందులు. ఏడు నెలలు ఆపాను."

ఆమె చెయ్యి అతని వీపు మీదే ఉంది. తియ్యాలని తోచలేదు.

"నాన్న పోయాక అమ్మ కైకలూరు నుంచి మన దగ్గరికి వచ్చేసింది కదా. ఒకరోజు డబ్బా చూసింది. బలం బిళ్ళలా, నాకూ ఒకటియ్యి మోకాళ్ల నొప్పులు తగ్గుతాయి అని మూత తీసేసింది. చేతిలోంచి లాక్కున్నాను. అప్పణ్ణించీ మళ్లీ తీసి వేసుకుంటుందేమో, ఎవరికైనా చూపిస్తుందేమో అని భయం. డబ్బాని చేపల షెడ్డుకి పట్టుకుపోయాను. అక్కడ ఐసు దగ్గర పనిచేసే స్టీఫెన్ ఉన్నాడుగా, ఇవేం మందులన్నా అన్నాడు. ఆ సాయంత్రమే కాలవలో పారేశాను."

"షెడ్డులో వేసుకుంటున్నానని చెప్పారు నాతో."

"చెప్పాను. రెండు నెలలు, మూడు నెలలు... ఒంటికేం కాలేదు. తగ్గిపోయిందేమో అనుకున్నాను. తర్వాత జ్వరం పట్టుకుంది. చిక్కిపోయాను. భయపడి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాను."

నాలుగేళ్ల కిందటి సంగతి. చిక్కిపోయాడని తనే రోజూ కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టింది. తండ్రి పోయిన దిగులనుకుంది. ఆ ఏడాది రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ కాయితం ఏదని అడగనే లేదు. ఇల్లంతా మైలలో, రాకపోకల్లో ఉండిపోయింది. ఆ ఏడు నెలల్లో అమలమ్మ మాట నమ్ముకుని తను ఎన్ని రాత్రులు...

"నా పక్కనే పడుకున్నావు," అంది. "ఆ ఏడు నెలలూ నా పక్కనే పడుకున్నావు."

పదిహేనేళ్ల కాపురంలో అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అతను విన్నాడు. తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"నన్ను తిట్టు. ఏం చేసినా సరే. డాక్టరుకి మాత్రం చెప్పకు సుధా. చెబితే ఆపరేషన్ చెయ్యడు. విన్నావుగా. ఈ మూడేళ్లుగా ఒక్క రోజు తప్పలేదు, అది నిజం. ఇక తప్పను."

"పొద్దున్న నా తల మీద చెయ్యి పెట్టావు."

అతను విడిచిన చెప్పుల్ని కాలితో అవతలికి నెట్టాడు.

"ఆయన ముందు నాతో కూడా చెప్పించావు."

"బతకాలని ఉంది సుధా," అన్నాడు చాలా మెల్లగా. "చిన్ని ఇంకా ఎనిమిదో తరగతి."

చెబితే అతను పోతాడేమో. చెప్పకపోతే, ఒక మనిషి కిడ్నీ కోయించుకునేది అబద్ధం విని. ఆమె వరండా రెయిలింగు మీదుగా కింద ఆటోలని చూస్తూ కూర్చుంది. ఏ ఆటో ఎటు పోతోందో ఆమెకి తెలియలేదు.

"ఇక్కడున్నారా!"

శ్రీదుర్గ మెట్లెక్కి గబగబా వస్తోంది. మోచేతి మడత దగ్గర దూది పెట్టి టేపు అంటించి ఉంది.

"రక్తం ఇచ్చేశాను వదినా, మ్యాచింగ్‌కి. మా ఆయనకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. మొదట కేకలేశారు. మీ అన్న ఇంతకాలం దాచినవాడు రేపేం చేస్తాడో అన్నారు. నేను ఒకటే చెప్పాను." ఆమె అన్న ముందు నిలబడి ఆయాసం తీర్చుకుంది. "పేరు దాచాడు గానీ మందు మానలేదండీ, పన్నెండేళ్లు ఒక్క రోజు తప్పకుండా వాడిన మనిషి నా కిడ్నీని పాడుచేసుకోడు అన్నాను. ఆ మాట మీదే ఒప్పుకున్నారు. నేనూ ఆ మాట మీదే ఇస్తున్నానన్నయ్యా."

బెంచీ మీద సూర్యప్రకాష్ చెయ్యి జరిగి సుధామణి మణికట్టుని పట్టుకుంది. గట్టిగా, నొప్పెట్టేలా పట్టుకున్నాడు.

"ఏంటి ఇద్దరూ అలా ఉన్నారు? వదినా, నీ రిపోర్టు..."

"నాకేం లేదు శ్రీదుర్గా. నెగెటివ్ అన్నారు."

"మరి?"

సుధామణి రెండో చేత్తో మొగుడి వేళ్లు విడిపించుకుంది. లేచి నిలబడి తన చోటు చూపించింది.

"ఇలా కూర్చో. మీ అన్నయ్య నీకో మాట చెప్పాలి."

సూర్యప్రకాష్ ఆమె వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతని బదులు చెప్పనూ లేదు.

వరండా అవతలి చివర నర్సు కాయితాలు పట్టుకుని వచ్చింది. "శ్రీదుర్గ గారూ! డోనర్ సంతకాలు కావాలండీ. డాక్టర్ గారు వెళ్లిపోతారు, త్వరగా రండి."

శ్రీదుర్గ కూర్చోబోతున్నదల్లా ఆగి, నర్సు వంక, అన్న వంక చూసింది. తర్వాత అన్న పక్కనే కూర్చుంది.

"ఒక్క నిమిషం సిస్టర్," అంది. "చెప్పన్నయ్యా."